ఆరో వరుస

కొంపల్లి షోరూంలో తెల్లబండి
పెళ్లికొడుకులా నిలబడింది.
లోపల సోఫా, గోడకి టీవీ, నీలం దీపం.
కుర్రాడు బటన్ నొక్కితే
మంచం దానంతటదే విచ్చుకుంది.
పురంధర్, నువ్వు మళ్లీ నొక్కమన్నావు.
మళ్లీ.

నేను చీర ఎగదోపి వంగి కింద చూశాను.
నేలకీ ఇరుసు డొక్కకీ మధ్య జానెడు లేదు.
"రోడ్డు మీద సూపర్‌గా పోతుంది మేడమ్."
రోడ్డు లేని చోట?
అతను ఈఎంఐ గురించి మాట్లాడాడు.

ముప్పయ్యొక్క ఏళ్లు రాళ్ల వెంట తిరిగిన ఉద్యోగం నాది.
జీపు వెనక సీట్లో, సుత్తి ఒళ్లో పెట్టుకుని.
గుంత బండిని విరగ్గొట్టదు.
గుంత ముందే కనిపిస్తుంది, బ్రేకు వేస్తాం.
విరగ్గొట్టేది వణుకు.
రేకుల కప్పులా అలలు తేలిన మట్టిదారి
పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా
ఒక్కో మరనీ బతిమాలి బతిమాలి
వదులు చేస్తుంది.
కచ్ ఉప్పునేల, స్పితి గులకరాళ్లు,
రెండేళ్లు ఇంటికి రాకూడదనుకున్నాం కదా.
బటన్ మంచం మూడో రోజుకి కూలుతుంది.

కాటేదాన్. ఖుద్దూస్ భాయ్ షెడ్డు.
వెల్డింగ్ రవ్వలు, ఎవరిదో మేకపిల్ల,
బ్రేక్ ఆయిల్ డబ్బాలో పుదీనా.
"మెరుపునడిగితే ఏం చెప్తదమ్మా,
అతుకునడగాలె."
వేలి కణుపుతో రేకుల్ని కొట్టి
కుండలు బేరమాడేవాడిలా చెవి పెడతాడు.

స్కూలు బస్సు ఒకటుంది. పొడవెక్కువ,
కొండమలుపులో తోక ఇరుక్కుంటుంది.
ఐస్‌క్రీం వ్యాను మీద నువ్వు మోజుపడ్డావు.
దాని నేలలోకి నా స్క్రూడ్రైవర్
మీగడలోకి దిగినట్టు దిగింది.
మూల ఉన్నదాన్ని ఎవరూ అడగరట.
పాలమూరు పల్లెలు తిరిగిన కంటాసుపత్రి బండి.
కమాన్‌పట్టీలు తొమ్మిది, ఒక్కటీ చిట్లలేదు.
అడుగున వేలాడే పైపుల్లేవు.
రెండు స్టెప్నీలకి చోటు.

అక్కడ మొదలైంది మన గొడవ.
నీకు పెద్ద ఫ్రిజ్. నాకు నీళ్ల ట్యాంకు.
నూటయాభై లీటర్లంటే మనిద్దరి బరువన్నావు.
మనిద్దరం దాహంతో ఎండితే తగ్గుతుందిలే అన్నాను.
చాయ్ అని వెళ్లిపోయావు.

ఒక్కదాన్నే ఎక్కాను.
స్పిరిట్ వాసన ఇంకా వదల్లేదు.
వెనక గోడ మీద, పెయింటుతో, అక్షరాలు.
పైన ఒక్క 'గ', చెంబంత.
కింద 'ప', 'ల', 'ఠ',
దిగేకొద్దీ చిన్నవై చిన్నవై
అడుగున చీమల బారు.
ఎన్ని కళ్లు ఇక్కడ తడుముకున్నాయో,
ఎందరు ముసలమ్మలు చదువురాదు నాయనా అంటే
ఈ పక్కన బొమ్మలు చూపించారో,
చెట్టు, గొడుగు, కోడిపుంజు.

కవర్లో చాయ్ పట్టుకుని నువ్వొచ్చావు.
తలుపు దగ్గరే నిలబడి,
పోయినేడు శుక్లం తీయించుకున్న కంటితో
గడగడా చదివేశావు ఐదు వరుసలూ,
నాకు నాలుగే అందాయి.
ఆరోది నువ్వు 'న' అన్నావు, నేను 'స' అన్నాను.
దగ్గరికెళ్లి చూస్తే తుప్పుమరక.

"తుడిపిచ్చేస్త, తెల్ల పెయింట్ కొడ్త"
అన్నాడు ఖుద్దూస్ భాయ్.
ఇద్దరం ఒకేసారి వద్దన్నాం.
ఆ రోజు మనం ఒప్పుకున్నది అదొక్కటే.

బేరం ఎనిమిదివేల దగ్గర తెగక ఆగింది.
ట్యాంకు నూటయిరవైకి దిగింది, ఫ్రిజ్ సగమైంది.
మెట్టు మరీ ఎత్తేమో, మోకాళ్లకి ఎలాగని
నువ్వు టేపు పెట్టి కొలుస్తుంటే
మేకపిల్ల నీ చేతుల మీంచి దూకి
ముందు ఎక్కేసింది.