పడుగు

వ్యాను రావాల్సింది నిన్న పొద్దున్నండి.
ఆలమూరు దాటాక కాలవ గట్టు జారిపోయి
లాకుల దగ్గరే నిలబడిపోయింది.
ఇవాళ మధ్యాహ్నం మూడింటికి
ఏడిద రోడ్డులో షెడ్డు ముందు వంద పెట్టెలు దింపాం.
పెట్టెకి వంద పిల్లలు.
ఒకటే కిచకిచ,
చలికి కాదు.

ఊక మీద కాగితాలు పరిచి
దీపాల కింద మొక్కజొన్న రవ్వ చల్లుతుంటే
డాక్టరమ్మ నస్రీన్ గారు
ఒకదాన్ని అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి
రొమ్ము మీద వేలు ఆనించి
"ఈ ముప్ఫై గంటలూ ఇక్కడ రాసుంటాయి" అన్నారు.

నాకేం బోధపడలేదు.
గుడ్డులో ఉండగానే కండకి పోగులు పడిపోతాయట.
బుల్లి కణాలు వరసలో నిలబడి
మధ్య గోడలు చెరిపేసుకుని
పొడుగ్గా ఒకే పోగైపోతాయట.
ఇరవై ఒకటో రోజున పెంకు చిట్లేసరికి
లెక్క అయిపోయింది.
ఆపైన పోగు లావెక్కుతుంది, సాగుతుంది,
కొత్తది పుట్టదు.

నవ్వొచ్చింది నాకు.
ఇది మా ఇంటి సంగతే కదండీ!
బండార్లంకలో మా నాన్న గుంట మగ్గానికి
పడుగు ఎక్కించాక
ఇంకో పోగు కలపడం ఎవడి తరం?
ఆసు పోసిన నాడే ఖాయం.
తర్వాతదంతా పేక, గంజి, చేతి ఊపు.

"మరి లావెలా ఎక్కుతాయమ్మా?" అన్నాను.

పోగు అంచున, పైపొర కింద,
ముడుచుక్కూచున్న కణాలుంటాయట.
మొదటి వారం కడుపులో మేత పడితే
అవి లేస్తాయి. రెండవుతాయి, నాలుగవుతాయి.
పోగులోకి దూరి
తమ గింజని అక్కడ వదిలేస్తాయి.
గింజలు పెరిగినకొద్దీ
పోగు మోయగల బరువు పెరుగుతుంది.
ఆ వారం ఆకలితో పోతే,
తర్వాత బస్తాలు గుమ్మరించినా
లేవాల్సినన్ని లేవవు.

మామ్మ గుర్తొచ్చింది. చౌడమ్మ.
మగ్గం పక్కన పీటేసుకుని
రోజంతా ఏ పనీ లేనట్టే కూచునేది.
పోగు తెగిన చప్పుడు ఆవిడకే వినపడేది.
కాస్త ఉమ్మి, చిటికెడు బూడిద,
రెండు వేళ్ళ మధ్య ఒక్క నలుపు.
అతుకెక్కడో నాన్నకి కూడా తెలిసేది కాదు.

ఎనభై ఆరు వరదకి గుంట నిండిపోతే
పడుగు మొత్తం భుజానేసుకుని
ఆవిడే అటకెక్కిందట.
అప్పటికి నేను పుట్టి పదకొండు రోజులు.
ఆ వారమంతా అమ్మకి పాలు పడలేదని
ఇంట్లో ఎవరూ గట్టిగా అనరు.
నా మణికట్టు చుట్టూ
బొటనవేలూ చిటికెనవేలూ
ఇప్పటికీ సులువుగా కలుస్తాయి.

ఇది డాక్టరమ్మకి చెప్పలేదు.
నలభై రెండో రోజున కాటా వేసే మేనేజరుకి
అసలే చెప్పను.

రాత్రి పదింటికి మెడ కింద సంచులు తడమమన్నారు.
పెసరగింజంత మెత్తగా ఏదన్నా తగిలితే తిన్నట్టు.
తడుముతున్నాను.
ఇది తింది. ఇది తింది.
ఇదీ తింది.
దీనికి ఏమీ తగల్లేదు.

ముక్కు పట్టి నీళ్ళలో ముంచాను.
విదిలించుకుంది.
మళ్ళీ ముంచాను.
తల పైకెత్తి
మింగింది.

షెడ్డు నిండా పదివేల గొంతులు.
ఆ గోలలో,
దాని రొమ్ము కింద ఎక్కడో,
పీట మీంచి ఎవరో లేచిన చప్పుడు
నాకొక్కడికే వినపడింది.