మూడో అంకె

మహబూలాలో మా బిల్డింగు ముందు
ఎవరో తల్లి పేర పెట్టించిన చల్లనీళ్ల పెట్టె.
మూడు కుళాయిలు, గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు.
డెలివరీ కుర్రాళ్లు హెల్మెట్ తీయకుండానే తాగుతారు.
డబ్బులడిగినవాడు ఇంతవరకు లేడు.

నేను రాసిందీ అలాంటిదే అనుకునేదాన్ని.
దీనారుకు వెయ్యి ఫిల్సులు.
పైసల అలవాటున్న సాఫ్ట్‌వేర్లు
చుక్క తర్వాత రెండంకెలకే ఆగిపోతాయి.
ఆ మూడోది రాలిపోకుండా,
కుడినుంచి ఎడమకు నడిచే బిల్లులో తలకిందులు కాకుండా
నాలుగువందల పంక్తులు రాసి
ఎవరైనా వాడుకోండని వదిలేశాను,
ఒక రంజాన్ నెల, ఆఫీసు రెండింటికే వదిలే రోజుల్లో.

ఆరేళ్లు.
లాండ్రీలో, మందుల షాపులో, షవర్మా కొట్లో
చీటీ చిరిగి చేతికొచ్చినప్పుడల్లా
మూడో అంకె చూసుకుని నవ్వుకునేదాన్ని.
షర్క్‌లో అద్దాల మేడలో ఒక కంపెనీ
దానికి రంగువేసి, పేరు పెట్టి
కొట్టుకు నెలకు పన్నెండు దీనార్లకు అమ్ముతోందని
తర్వాత తెలిసింది.
తప్పేం లేదు. అమ్ముకోవచ్చని కూడా నేనే రాసిచ్చాను.
అయినా ఆ రాత్రి అన్నం సయించలేదు.

మొన్న గురువారం ఆ కంపెనీ నుంచే మెయిలు:
నలభై కొట్లలో మూడో అంకె రాలిపోతోంది,
రేపటికల్లా సరిచేయగలరు.
దయచేసి అన్న మాట రెండుసార్లుంది.
డబ్బు అన్న మాట వెతికాను.

కిందికి దిగాను.
రాజంపేట దస్తగిరి పెట్టె వెనక గొంతుక్కూర్చుని
మట్టిరంగుకు తిరిగిన ఫిల్టరు ఊడదీస్తున్నాడు.
"దీనికెంత ఇస్తారు?"
"కంపెనీకి ఏడు దీనార్లుక్కా. నాకు ఒకటిన్నర."
"నీళ్లు ఊరికే కదా?"
"నీళ్లు ఊరికేనే.
నీళ్లకాడికి నేను ఊరికే వస్తానా?"

పైకొచ్చి జవాబు రాశాను:
కోడ్ ఎప్పటిలాగే ఉచితం.
'రేపటికల్లా' అన్న మాటకే ఖరీదు.
గంటకు పద్దెనిమిది, పది గంటలు.
నా అకామాలో ఈ పని రాసిలేదు,
ఆ డబ్బు ఏ దారిన రావాలో, అసలు వస్తుందో
అప్పటికి ఆలోచించలేదు.

బిల్లు నా కోడ్‌తోనే తీశాను.
చివర సున్నా కొట్టబోయి ఆగి
ఐదు కొట్టాను.
నూట ఎనభై దీనార్ల ఐదు ఫిల్సులు.

ఐదు ఫిల్సులకు ఇక్కడ ఏమీ రాదు.
కానీ నేను సరిచేసేదాకా
వాళ్ల తెరమీద అది కనిపించదు.