మూడు కత్తెర్లు

రేపు పొద్దున ఆరున్నరకంట నా పేరు.
రాత్రి పది దాటినాక నీళ్లు కూడా ముట్టొద్దన్నారు.
ఇప్పుడు ఎనిమిది.
వార్డు కిటికీలోంచి చూస్తే
కొండ మీద దీపాల వరస, ఘాట్ రోడ్డు,
దిగొచ్చే బస్సులు
మలుపు మలుపుకీ ఆరిపోయి, మళ్లీ వెలిగి.

పందొమ్మిదేండ్లుగా ఆ కొండ మీద నాది బ్లేడు పని.
కళ్యాణకట్టలో ఆడోళ్ల వైపు,
గోడకానుకోని మూడో పీట.
ఎన్ని తలలని అడగొద్దు.
సేలం తలలు, షోలాపూర్ తలలు,
పేలున్న తలలు, నూనె కారే తలలు.
అందరికీ నేను చెప్పేది ఒకటే:
"తల వంచు తల్లీ, కదలొద్దు, అయిపోయింది."
అయిపోకముందే అయిపోయిందంటా.
మొన్న సూది గుచ్చి ముక్క తీసిన పిల్ల డాక్టరు
నాకూ అట్టనే చెప్పింది.
అబద్ధమని తెలిసి కూడా నమ్మినా.

చింతగింజంత, అంది.
తొందరగా చూపించుకున్నావు, మంచి పని చేసినావు, అంది.
నేనా చూపించుకునింది?
దేవకి లాక్కొచ్చింది, డ్యూటీ మార్చుకోని,
డిపో ఎనకాల ఆగిన క్యాంపు వ్యాను కాడికి.
దానికేమీ లేదన్నారు.
ఆ పొద్దు నా మొహం చూడలేకపోయింది దేవకి
తప్పు చేసినట్టు.

పెద్ద డాక్టరు కాగితం మీద బొమ్మ గీసింది.
"గడ్డ ఒకటే తీసి, తర్వాత కరెంటు పెట్టొచ్చు.
లేదంటే మొత్తం.
నీకు రెండూ ఒకటే మేలు. నీ ఇష్టం."
నాకు నవ్వొచ్చింది.
మూడు కత్తెర్లా, గుండా?
పీట ముందర కూర్చున్న ప్రతి ఆడదాన్నీ
నేనడిగే మాటే కదమ్మా ఇది.
మూడు కత్తెర్లు చాలన్నోళ్లని
లోపల్లోపల ఒక రవ్వ చిన్నచూపు చూసినా ఇన్నాళ్లు,
స్వామికి కూడా లెక్కబెట్టి ఇస్తారే అని.
వాళ్లందరికీ ఈ రాత్రి ఒక దండం.
మూడు కత్తెర్లే, అన్నా.
ఇది మొక్కు కాదు.
నేనెవరికీ దీన్ని ఇస్తానని అనుకోలేదు.

చెంగల్రాయుడు సంతకం పెట్టను పెన్ను ఎతుక్కున్నాడు.
"నాదే చాలంట" అన్నా.
ఆయన చేతులకి ఏం చెయ్యాల్నో తెలీక
ఫ్లాస్కు మూత తిప్పి, తిప్పి, బిగించినాయి.
పుస్తెలు, ముక్కుపుడక, మెట్టెలు
చేతిగుడ్డలో మూటగట్టి లోజేబులో పెట్టుకోని
పైనుంచి అరచెయ్యి తియ్యకుండా ఉండాడు,
రష్షు బస్సులో డబ్బులు కాసుకున్నట్టు.
మా జోత్స్న ముందర గుండీల నైటీలు రెండు తెచ్చింది.
ఒకదానికి చీటీ ఇంకా ఉంది, రెండొందల అరవై.
నిన్న కొర్లగుంట ఇంట్లో నన్ను గోడకి నిలబెట్టి
"ఎడమ చెయ్యి ఎత్తు మా" అని
అందినకాడ పెన్సిల్‌తో గీత గీసింది.
ఆపరేషనైనాక మళ్లీ అందాకా లేపాలంట.

నా భయం రొమ్ము మీద లేదు, నిజం చెప్తా ఉండా.
ఇద్దరు పిల్లలు తాగి లేచిపోయినారు దాన్ని.
నా భయం చంకలో ఉంది.
ఆడ కూడా కోసి చూస్తామన్నారు.
బ్లేడు పట్టేది కుడిచెయ్యే గానీ
తలని పట్టేది ఎడమది.
ఏడ్చే పిల్లోడి నెత్తి, వణికే అవ్వ నెత్తి,
ఎంత బరువో ఎంత వేడో దానికే తెలుసు.
అది లేవకపోతే
మూడో పీట మీద ఇంకెవురో.

తొమ్మిది. సిస్టరొచ్చింది, ట్రేలో కొత్త రేజరు.
"చెయ్యెత్తమ్మా, చంక గియ్యాల."
ఫిలోమిన అని రొమ్ము మీద పేరు బిళ్ల.
పట్టుకోవడంలోనే తెలిసిపోయింది,
ఎదురు గీస్తాది, తెగుతాది.
"ఇట్టియ్యి నాయనా" అన్నా.
"రూలు లేదు."
"సరే, నువ్వే గియ్యి. ముందు బాగా తడుపు.
ఆ చేత్తో తోలు సాగదియ్యి.
నొక్కొద్దు. దాని బరువుకి దాన్ని పోనియ్యి."
ఊపిరి బిగబట్టి గీసింది.
నేను చెయ్యి పైకెత్తి,
మా గోడ మీది గీతంత పైకెత్తి
కదలకుండా కూర్చున్నా.
"అయిపోయిందమ్మా" అంది,
ఇంకా సగముండగానే.
పరవాలేదు,
పనికొస్తాది పిల్ల.