సల్లగున్న డ్రమ్ము

వాదీ జిజ్జీల మొదటి దిగుడు దిగంగనే
నారింజ కోన్లు పెట్టి చెయ్యి అడ్డం చాపిండ్రు.
ఐదింటికింకా పావుగంట.
ఎనుక నలభై ముగ్గురు నిద్ర.
అద్దాల మీద ఒక్కో నుదురుకు ఒక్కో జిడ్డు మచ్చ,
దినాం అదే సీటు, అదే మచ్చ.

నా ముందల కంకర ట్రక్కు.
పఠాన్ డ్రైవరు పట్టా తాళ్ళు సర్దుకుంట
ఆవలిస్తున్నడు.
దాని కింద ఎవరో ఎల్లెలుకల దూరి
టార్చి కొడుతున్నరు, నాకు బూట్లే కనబడుతున్నయి.
బండి కిందికి పోయేటోడంటే నాకు మొదటిసంది గౌరవం.
పైన రాసుకున్న కంపెనీ పేరు
ఆడికెళ్ళి కనబడదు.

నా వంతు.
సాలిమ్ అల్ మక్బాలీ, ఛాతీ మీద బిళ్ళ.
ముల్కియా అడిగిండు, ఇచ్చిన.
లైసెన్సు ఇచ్చిన.
మంటలార్పే సిలిండరు: ముల్లు పచ్చల ఉంది.
అద్దం పగలగొట్టే సుత్తె: ఉంది,
క్యాంపుల ఎవడో కొబ్బరికాయ కొట్టను తీస్కపోతుంటే
మొన్ననే తీగతోని కట్టేసిన.
టైరు గాడిల సన్న కడ్డీ గుచ్చి చూసిండు,
మా అవ్వ పచ్చడి కాయకు దబ్బనం గుచ్చి
టెంక చూసినట్టు.
"జైన్" అన్నడు.

బ్రేకు తొక్కమన్నడు. తొక్కిన.
ఉస్స్‌మన్నది. గాలి మంచిగనే ఉంది.
నిలబడ్డ బండికి
ఏ రోగమూ ఉండదు.

నాకెరుక.
ఇరవై రోజుల సంది ఎనుక కుడి డ్రమ్ము పట్టుకుంటలేదు.
తొక్కితే బండి ఎడమకు గుంజుతది,
ఎదురొచ్చే బండ్ల దిక్కు.
తాగినోని రెక్క పట్టి ఇంటికి తోల్కపోయినట్టు
తోల్కపోతున్న.
యార్డుల మూడుసార్లు చెప్పిన.
మొదటిసారి రేపన్నరు.
రెండోసారి సామాను దుబాయికెళ్ళి రావాలన్నరు.
మూడోసారి, నువ్వు నడపకుంటే నడిపేటోడున్నడన్నరు.
ఉన్నడు. ఇరవై మూడేండ్ల పిలగాడు,
డీజిలు మిగులుతదని దిగుడుల న్యూట్రల్ ఏస్తడు.
అందుకే నేనే నడుపుతున్న, అనుకున్న.
అట్ల అనుకుంటే నిద్ర పడుతుండె.

సాలిమ్ పెన్నుకు మూత పెడుతున్నడు.

నాకొచ్చిన అరబ్బీ అంత కూడేస్తే ముప్పై మాటలు.
నీళ్ళు, జీతం, రేపు, అయిపోయింది.
డ్రమ్ముకు నా కాడ మాట లేదు.
సీటు దిగిన.
కుడి చక్రం కాడ కూసోని
వాని చెయ్యి పట్టి లోపలికి ఆనిచ్చిన.
సల్లగ, కుండ లెక్క.
అటు తిరిగి ఎడమ దాని దగ్గరికి తీస్కపోయిన.
ఆనకముందే చెయ్యి గుంజుకున్నడు.

కాలుతున్నది పని చేస్తున్నది.
సల్లగున్నదాంతోనే భయం.

వాడు నా మొఖం దిక్కు జరసేపు చూసిండు.
ఏమనుకున్నడో. ఏమీ అడగలేదు.
ముందటి అద్దం మీద ఎర్ర స్టిక్కరు అంటించి
బొటనవేలుతోని మూలలు రుద్దిండు.

లేపిన అందరినీ.
టిఫిను డబ్బాలు పట్టుకోని దిగిండ్రు, చెప్పులు ఎతుక్కుంట.
దినం కూలి పోయిందని తెలిసినంక
తెలుగుల తిట్టిండ్రు, బెంగాలీల, భోజ్‌పురీల.
ముప్పై మాటలోన్ని,
అన్నీ సమజైనయి.

రాజనర్సు తిట్టలేదు.
"ఎన్ని రోజుల సంది?" అన్నడు.
ఇరవై అన్న.
ఏళ్ళు మడుసుకుంట లెక్కపెట్టిండు,
శుక్రవారాలు తీసేసి.
"పదిహేడు సార్లు" అన్నడు.
"పదిహేడు సార్లు నిద్రపోయిన్నే, నీ ఎనుక."

జవాబు లేదు నా కాడ.
వాడూ నిలబడలేదు దానికోసం.

ఎండ గుట్ట దాటింది.
ఈ దారిల చెట్టు లేదు, గోడ లేదు.
తిట్టినోళ్ళంత ఒక్కొక్కరే జరుగుకుంట
బండి ఎనుక నీడలకే చేరిండ్రు.
నాకూ జానెడు జాగ ఇచ్చిండ్రు, మాట్లాడకుంట.

జేబుల ఫోను మోగుతుంది.
యార్డు.
మళ్ళ మోగుతుంది.