తాళంచెవి

జిల్లా కౌన్సిల్ ఇక ఉండదట.
ఏప్రిల్‌కల్లా దాని పేరు
చెత్తబండ్ల మీంచి కూడా చెరిపేస్తారట.
పైన ఒక పెద్ద కౌన్సిల్, కింద మేము.
మధ్యలో మెట్టు పీకేసి
మీ దగ్గరికి దిగి వస్తున్నాం, అంటున్నారు.

ఉత్తరం నాకే వచ్చింది.
ఇంగ్లండ్ తూర్పు చివర, సముద్రం కంటే పల్లంలో ఉన్న
మార్ల్‌థోర్ప్ పారిష్ కౌన్సిల్‌కి గుమాస్తాని నేను.
వారానికి తొమ్మిది గంటలకి జీతం, మిగతాదంతా ఊరికే.
"మీ గొంతు మాకు ముఖ్యం" అని మొదటి వాక్యం.
"రెండు వందల మాటలు మించకుండా" అని చివరిది.
జతచేసిన పటంలో మా ఊరు
సరిగ్గా మడత మీద పడింది.
విప్పి, అరచేత్తో సాపు చేసి చూస్తే
చర్చి ఉంది,
మేం లేం.

మంగళవారం సాయంత్రం హాల్లో కూర్చున్నాం.
హీటర్‌లో నాణెం వేస్తే ఇరవై నిమిషాల వెచ్చదనం.
ఏడుగురు సభ్యుల్లో ఐదుగురు వచ్చారు, ఒక కుక్కా వచ్చింది.
బస్ షెల్టర్ బల్లకి ఊడిన పలక గురించి
నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు.
నవ్వకండి.
ఆ బల్ల మీద ఎవరెవరు కూర్చుంటారో
ఎవరి మోకాలు ఎటువైపు వంగదో
తెలిసినవాళ్లు వాళ్లు.

ఐదో అంశం: అధికార వికేంద్రీకరణ.
ఆ మాట పైకి చదివేసరికి రెండో నాణెం అయిపోయింది.

దుంపలు పండించే గాడ్‌ఫ్రీ హెబుల్‌వైట్
టోపీ తియ్యకుండానే అన్నాడు:
"శ్మశానం ఇస్తారట, గడ్డి కోసే యంత్రం ఇవ్వరట.
మరుగుదొడ్లు ఇస్తారట, డబ్బు సంగతి తర్వాతట.
పెళ్లికి పిలిచినట్టే ఉంది,
గిన్నెలు తోమడానికి."

"వద్దంటే?" అంది ఫెనెల్లా రడ్‌కిన్.
ముప్పై ఏళ్లు బడిపిల్లల్ని నిలబెట్టిన గొంతు.
"వద్దంటే తాళం వేస్తారు.
గురువారం సంతకొచ్చే ముసలివాళ్లు
పొదల చాటుకి పోతారా?"

ప్యాకింగ్ షెడ్‌లో రాత్రి షిఫ్టుకి పోవాల్సిన బొజెనా విల్క్
గడియారం చూసుకుంటూ అడిగింది:
"అధికారం కిందికి ఇచ్చేస్తే
పైన వాళ్లకేం పని?"
ఎవరూ జవాబు చెప్పలేదు.
కుక్క ఆవలించింది.
నేను మినిట్స్‌లో రాసుకున్నాను: చర్చ జరిగినది.

కౌంటీ పట్నంలో మళ్లీ సమావేశం,
నలభై ఒక్క పారిష్‌లు, కాగితం కప్పుల్లో టీ.
మాకు తలా రెండు నిమిషాలు.
మెడలో పట్టీ వేసుకున్న కుర్రాడు మర్యాదగానే అడిగాడు:
ఏ బాధ్యతలు స్వీకరించగలరు?
రాసుకెళ్లిన రెండు వందల మాటలు చదవాలని
కళ్లద్దాల కోసం సంచిలో చెయ్యి పెడితే
చేతికి తగిలింది తాళంచెవి.

పదకొండేళ్ల కిందట మీ దగ్గర ఇది పోయింది, అన్నాను.
కొత్తది చేయిస్తామని రాశారు. ఆ కాగితం నా దగ్గరుంది.
అప్పట్నించీ పొద్దున తెరిచేది, రాత్రి మూసేది,
మంచు పడితే మెట్ల మీద ఉప్పు చల్లేది
ఈ పాత నకలుతోనే.
మీరు ఇస్తానంటున్నది నా సంచిలోనే ఉంది.
ఇవ్వాల్సింది ఇంకొకటి ఉంది,
దాని గురించి మాట్లాడండి.

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టబోయి
పక్కవాళ్లు కొట్టకపోయేసరికి ఆగిపోయారు.
గంట మోగింది.
"అభిప్రాయం నమోదైంది" అన్నాడు కుర్రాడు.
నిజంగానే రాసుకున్నాడు, చూశాను,
మా ఊరి పేరులో ఒక అక్షరం తప్పు.
లేచి, వంగి, నేనే దిద్దాను.

ఐదూ నలభై బస్సు దొరికింది.
మర్నాడు ఆరున్నరకి తలుపు తెరిస్తే
రెండో గదిలో కుళాయి కారుతోంది.
ఎవరికి రాయాలో ఏప్రిల్ దాకా తెలీదు.
కింద బకెట్ పెట్టి వచ్చాను.