యాభై డిగ్రీల వాలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళెవరూ
పాత క్యాంపర్ వ్యాన్‌లోకి డీజిల్ ఇంజను ఎక్కించి చూడలేదు.

అక్టోబరు. కట్ట అవతల ఉత్తర సముద్రం
ఆటుకి వెనక్కి పోయి మైళ్ళ కొద్దీ బురద మిగిల్చింది.
కట్ట ఇవతల, ఓన్నో గొర్రెల పాకలో
ఎనభై నాలుగు నాటి మా వ్యాను
వెనక చక్రాలు గాల్లో, వెనక తలుపు బార్లా.

పెట్రోలు ఇంజను మొన్ననే దించాం.
నాలుగు బోల్టుల్లో మూడు మాట విన్నాయి.
నాలుగోది ఉప్పుగాలికి తుప్పు పట్టి
తల తెగ్గొట్టుకుంది గాని తిరగలేదు.
మా తాత పోలికే, అన్నాడు ఓన్నో.

కొత్తది, అంటే కొత్తదేం కాదు,
ముక్కు నుజ్జయిన ఒక కారు కడుపులోంచి తీసింది.
రెండు లక్షల పద్దెనిమిది వేల కిలోమీటర్లేనని
తుక్కు దుకాణంవాడు ఒట్టేశాడు.
పాతికేళ్ళు ఫెర్రీ ఇంజను గదిలో చేసినదాన్ని,
ఒట్టు పక్కనపెట్టి చేత్తో తిప్పి చూశాను.
ఒక్కో సిలిండరూ నా భుజానికి ఎదురు తిరిగింది.
బేరమాడకుండా డబ్బిచ్చేశాను.
దీనికి నిప్పురవ్వ అక్కర్లేదు.
గాలిని ఊపిరాడనంతగా నొక్కితే అదే మండుతుంది.

నిలబెడితే పట్టదు.
పడక కింద ఉన్న చోటు మూరెడు.
ఎడమకి యాభై డిగ్రీలు వాల్చాలి,
వాలిస్తే నూనె తొట్టి మార్చాలి,
నూనె కొలిచే పుల్ల మార్చాలి.
పాత పుల్ల మీది గీతలు
వాలిన ఇంజను గురించి అబద్ధం చెబుతాయి.

హబ్బో బోర్లించిన చేపల పెట్టె మీద కూర్చున్నాడు.
వ్యాను కొన్నది అతనే, నార్వే పటం మడిచి
సీటు కింద దాచిందీ అతనే.
పోయిన చలికాలం నుంచి అతనూ ఎడమకే వాలి నడుస్తాడు.
మాట దొరకడానికి టైం పడుతుంది.
డాక్టరమ్మ కాగితం మీద అంకెలు వేసింది,
ఇంత శాతం, అంత శాతం.
నేను మడిచి పటం పక్కనే పెట్టాను.

మూడు రోజులు. మోకాళ్ళ కింద గొర్రె పెంటికలు,
గోళ్ళ కింద నలుపు, టీలో డీజిల్ వాసన.
తాళం తిప్పి, పసుపు దీపం ఆరేదాకా
పది లెక్కపెట్టాను.
దగ్గింది. ఇంకోసారి దగ్గింది. చచ్చింది.

"వెనక్కి," అన్నాడు హబ్బో.
ఇంటికి పోదామా, చలేస్తోందా అన్నాను.
తల అడ్డంగా ఊపాడు. "వెనక్కి."
ఓన్నో వ్యాన్ని వెనక్కి నెట్టబోయాడు.
హబ్బో బాగున్న చేత్తో పెట్టెను దబదబ బాదాడు.
పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో
నామీద అంత కోపం చూడలేదు.
నోరు మూసుకుని నిలబడ్డాను.
ఎనిమిది... తొమ్మిది...
"వెనక్కి పోయే గొట్టం."

పంపు మీద రెండు బోల్టులు, కవల పిల్లలు.
ఇంధనం వచ్చే దారికొకటి,
మిగిలింది వెనక్కి పోయే దారికొకటి.
ఒకదాని బెజ్జం మాత్రం సూది మొనంత.
తారుమారు చేశాను.
నేను, పాతికేళ్ళ ఇంజను గది నేను.
అతను పెట్టె మీంచి మధ్యాహ్నమే చూశాడు.

మార్చి బిగించాక
పాకంతా తెల్లటి పొగ, గొర్రెలు కట్టెక్కి పారిపోయాయి,
రేకులు, స్పానర్లు, నా పళ్ళు
అన్నీ ఒకే తాళంలో గడగడలాడాయి.
గుండె మార్పిడి! అని అరిచాడు ఓన్నో.
కాదనాలనిపించింది, ఆ మోతలో ఎవరికి వినబడుతుంది.
హబ్బో లేచి, వాలి వాలి నడిచొచ్చి
పడక పలక మీద అరచెయ్యి ఆనించాడు,
వేడెక్కేదాకా తియ్యలేదు.

గురువారం తనిఖీ. ఇన్‌స్పెక్టరు ఏమంటాడో.
మూడో గేరు ఇంకా గొణుగుతోంది.
నేల ఊడుస్తుంటే ఒక బోల్టు మిగిలింది,
ఎక్కడిదో ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.
జేబులో వేసుకున్నాను.
రాత్రి హబ్బోని అడగాలి,
అడిగి, పది లెక్కపెట్టాలి.