తిట్టినాయన

రాత్రి రెండుంబావుకి
కరకంబాడి రోడ్డులో బోల్తా పడిన టెంపోని
మా క్యాజువాల్టీలో దించినారు.
ఏడుమంది. ఏడూ గుండ్లే.
ఎవురి చీటీ ఎవురిదో తెలీక
చెంగల్రాయుడు పెన్ను కొరుక్కుంటా నిలబడె.

తలకు కుట్లంటే ముందు జుట్టు గొరగాల.
ఈ ఊర్లో అప్పుడప్పుడు ఆ పని తప్పుతుంది.
దూదితో తుడిస్తే
ముందు చందనమొచ్చె,
ఆనక నెత్తురు.

"వలిక్కుదా?" అంటి. "నోవిదెయా?" అంటి.
నాలుగు భాషల్లో నాకొచ్చింది ఆ ఒక్క మాటే.
పెద్దాయన అచ్చ తెలుగులో
నా ఏడు తరాల్నీ తిట్టె.
తిట్టేవాడు బతుకుతాడులే అనుకుంటి.
పదైదేండ్ల సర్వీసు నేర్పిన లెక్క అది.
మూడో పోటుకి నరం దొరికె.

ఆయన మనవరాలు ఏడవలేదు.
లడ్డు కవరు రొమ్ముకి హత్తుకోని
"నీకు జుట్టుందే, మొక్కుకోలేదా?" అనె.

మొక్కుకున్నా పాపా.
సెలవు చీటీ రెండేండ్లుగా
మేట్రన్ బల్ల మీదుంది.
కొండ మాత్రం మా మందుల రూము కిటికీలోంచి
దీపాలతో సహా కనపడతాది.

తెల్లారి డ్యూటీ అప్పజెప్తా
ఆరు పేర్లు గబగబా రాస్తి.
తిట్టినాయన పేరు కాడ
పెన్ను పారలేదు.

విదిలించి
రాస్తి.